పాత సంచుల దానాలో పెరాక్సైడ్ కంటి కొలతతో వద్దు

సంపాదకులు గారికి,

పాత ప్లాస్టిక్‌ని మళ్లీ కరిగిస్తే బలం పోతుందని, కాబట్టి రీసైక్లింగ్ దండగని ఈమధ్య ఒక పాఠకుడు మీకు రాశారు. విజయవాడ ఆటోనగర్‌లో పాత సంచులను కరిగించి దానాగా, అంటే ప్లాస్టిక్ గింజలుగా మార్చే యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. ఆయన చెప్పినదాంట్లో సగమే నిజం.

బియ్యం సంచి నేసే పాలీప్రొపిలీన్ కరిగినా చిక్కగానే ఉంటుంది. దాని అణువుల గొలుసులు పొడవు, అందుకే పట్టీ సాగదీసినా తెగదు. అదే సరుకుతో బకెట్లు చేద్దామంటే మోల్డు మూలల దాకా పారదు. అందుకని ప్లాస్టిక్‌ని కరిగించి తోసే ఎక్స్‌ట్రూడర్ మెషిన్‌లో 200 డిగ్రీలు దాటిన వేడిలో కాస్త పెరాక్సైడ్ అనే రసాయనం కలుపుతాం. గొలుసులు తెగుతాయి, అందులోనూ పొడుగువే ఎక్కువగా తెగుతాయి. సరుకంతా ఒక తీరుకొచ్చి పల్చగా పారుతుంది. కొత్త ప్లాస్టిక్ తయారుచేసే పెద్ద కంపెనీలు కూడా తెలిసి చేసే పనే ఇది. మాస్కు మధ్య పొరకు వాడే సరుకునూ ఇలా పల్చన చేస్తారు.

ఇంకో మేలుంది. పెరాక్సైడ్ పనిచేస్తున్నప్పుడే మాలిక్ అన్‌హైడ్రైడ్ అనే ఇంకో రసాయనం అందిస్తే అది గొలుసుకు అతుక్కుంటుంది. మామూలుగా ఊకతో కలవని ప్లాస్టిక్ అప్పుడు ఊకను పట్టుకుంటుంది. మన డెల్టా మిల్లుల్లో ఊకకేం కొదవ?

చిక్కల్లా కొలతతోనే. వంద కిలోలకు పదుల గ్రాములు చాలు. నేను చూసిన కొన్ని షెడ్లలో గుప్పెటతో తీసి వేస్తున్నారు. ఎక్కువైతే బకెట్టు కిందపడగానే పగులుతుంది. యూరియా సంచి లోపలి లైనర్ సంగతి మరీ ముఖ్యం. అది పాలిథిన్. పాలీప్రొపిలీన్ గొలుసును తెంపే పెరాక్సైడే పాలిథిన్ గొలుసులను ఒకదానికొకటి ముడేస్తుంది. లైనర్ తీయకుండా గ్రైండర్‌లో వేస్తే కరగని ఉండలు వచ్చి కరిగిన సరుకును వడగట్టే జాలీ పూడుకుపోతుంది. మెషిన్ మీదున్న కుర్రాడు పెరాక్సైడ్ చాలలేదనుకుని ఇంకాస్త వేస్తాడు! మే నెల ఎండకు కాలే రేకుల షెడ్డులో విడి పెరాక్సైడ్ డబ్బా పెట్టుకుని ఈ పని చేయడం తలుచుకుంటేనే నాకు టెన్షన్. అది నిప్పంటుకునే సరుకు. తక్కువ శాతం పెరాక్సైడ్ ముందే కలిపిన గింజలు, మాస్టర్‌బ్యాచ్ అంటారు, దొరుకుతాయి, యజమానులు అవే కొనాలి.

పరిశ్రమల శాఖ వారికి నా విన్నపం: ఆటోనగర్‌లో అందరికీ ఉమ్మడిగా, కరిగిన ప్లాస్టిక్ ఎంత పల్చగా పారుతుందో కొలిచే మెల్ట్ ఫ్లో మెషిన్ ఒకటి పెట్టించండి. 230 డిగ్రీల వేడిలో 2.16 కిలోల బరువు కింద పది నిమిషాల్లో ఎన్ని గ్రాముల సరుకు జారిందో చూస్తే చాలు, గొలుసు ఏమేరకు తెగిందో తెలిసిపోతుంది. సూరంపల్లిలోని సిపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ శిక్షణ సంస్థ) వారు మెషిన్ కుర్రాళ్లకు డ్యూటీ దిగాక, తెలుగులో చిన్న శిక్షణ పెడితే ఇంకా మేలు. పరీక్ష ఫీజు ఎంతైనా మా యూనిట్ కట్టడానికి సిద్ధం.

– ఒక ప్లాస్టిక్ యూనిట్ సూపర్‌వైజర్, ఆటోనగర్, విజయవాడ