గెడ్డకు గోడ కట్టించండి

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

బడ్జెట్‌లో ఆరోగ్యానికి, శిశు సంక్షేమానికి ఇంత కేటాయించామన్న వార్త ఏటా చదువుతున్నాను. మా వీధి అంగన్‌వాడీ పక్కనే గెడ్డ, అంటే కొండ నీరు పారే వాగు, ఉంది. దానికి గోడ లేదు. కొండ మీది వాన నీరు దిగితే నిమిషాల్లో పొంగుతుంది. నా మనవరాలికి నాలుగేళ్లు. మబ్బు పడితే చాలు, చేతిలో పని వదిలేసి దాని కోసం పరుగెత్తుతున్నాను.

దోమలకు పొగ వేస్తున్నారు, సంతోషమే. కానీ డెంగీ దోమ ఎక్కువగా పెరిగేది కుండీల్లో, పాత టైర్లలో నిలిచిన మంచి నీటిలో. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వారానికోసారి ఆ నీళ్లు పారబోయించే మనిషి కావాలి.

జూన్ వానలకు ముందే గోడ కట్టించండి. ఎంత మంజూరైందో, పని ఎప్పుడు మొదలవుతుందో అంగన్‌వాడీ గుమ్మం దగ్గరే రాయించండి, పిల్లల సహాయానికి ఫోన్ చేసే 1098 నంబరుతో పాటు.

ఇట్లు,
ఒక అమ్మమ్మ