మిద్దె మీది మొక్కలను బతికించిన మా వీధి వాళ్ళకు

అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలనే అనుకున్నాను, కానీ అడిగితే ఒక్కొక్కరూ "నా పేరెందుకులే పాపా" అన్నారు. అందుకే పేర్లు లేకుండా ఎవరు ఏం చేశారో మాత్రం రాస్తున్నాను. ఎవరి సంగతి వాళ్ళకి తెలిసిపోతుంది, మిగతా వాళ్ళకి కూడా తెలియాలని నా కోరిక.

కొత్తగా చదివే వాళ్ళ కోసం రెండు ముక్కలు. అనంతపురంలో మా మిద్దె మీద చిన్న పాలీహౌస్, అంటే పాలిథిన్ షీటు కప్పిన మొక్కల గది, ఉంది, అందులో నేను కీటకాహార మొక్కలు పెంచుతాను. నెపెంథిస్ (ఆకు కొసన కుండ ఉండేది), సారసీనియా (పొడుగు గొట్టాల్లాంటి ఆకులది), డ్రాసిరా (జిగురు ఆకులది), వీనస్ ఫ్లైట్రాప్ (పురుగు వాలితే ఆకు మూసుకునేది). ఇవన్నీ సారం లేని నేలల్లో పుట్టిన జాతులు, మట్టిలో దొరకని నత్రజనిని పురుగుల నుంచి తీసుకుంటాయి. అందుకే వీటి కుండీల్లో ఎరువు వేయకూడదు, మన బోరు నీళ్ళు అసలే పోయకూడదు, ఆ ఉప్పులకి వేర్లు మాడిపోతాయి. వీటిలో నాకు ప్రాణమైనది నెపెంథిస్ ఖాసియానా. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ ఇదొక్కటే, మేఘాలయ కొండలది. అడవిలోంచి పీక్కొచ్చింది కాదు, అట్లా తేకూడదు కూడా, నర్సరీలో గింజ నుంచి పెంచిన మొక్క. ఆ రాష్ట్రంలోనే ఉన్న మాసిన్‌రామ్‌లో ఏడాదికి 11,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, మన జిల్లాకి పడేది 550 దగ్గర. అక్కడి మొక్క ఇక్కడ బతకాలంటే దాని చుట్టూ ఉండే గాలిని కూడా మనమే తయారుచేసి ఇవ్వాలి.

ఆ పని మా పాలీహౌస్‌లో కూలింగ్ ప్యాడ్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చేస్తాయి. ఒక పక్క ప్యాడ్ మీద నీళ్ళు కారుతూ ఉంటాయి, ఎదురుపక్క ఫ్యాన్ గాలిని బయటికి లాగుతుంది, తడి ప్యాడ్‌లోంచి వచ్చే గాలిలో నీరు ఆవిరైపోతూ వేడిని తీసుకుపోతుంది. మనది పొడి ఎండ కాబట్టి ఈ పద్ధతి సముద్రం పక్క ఊర్లలో కంటే ఇక్కడ చానా బాగా పనిచేస్తుంది, బయట 42 డిగ్రీలున్నా లోపల 30 దగ్గర నిలబెట్టొచ్చు. ఎండాకాలం అనంతపురంలో ఈ మొక్కలు పెంచగలుగుతున్నామంటే ఆ పొడితనమే కారణం. కానీ మొత్తం కరెంటు మీద ఆధారం. ఫ్యాన్ ఆగిందంటే పాలిథిన్ షీటు కింద గాలి పొయ్యి మీద పెట్టినట్టే.

మే నెలలో మా నాయన ఆపరేషన్ కోసం నేను బెంగళూరులో ఉన్నప్పుడు ఇక్కడ మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పొద్దున పదకొండు గంటలప్పుడు, సరిగ్గా ఎండ ముదిరే వేళకి.

ముందుగా ఎదురింటి పాపకి. ఇంటర్ చదువుతోంది, నేను ఊర్లో లేనన్నాళ్ళూ రోజూ పైకెక్కి ట్రేలలో ఉప్పులు తీసేసిన ఆర్‌వో నీళ్ళు పోసి, థర్మామీటర్ ఫోటో తీసి పంపేది. ఆ రోజు వచ్చిన ఫోటోలో 47 ఉంది. నేను ఆసుపత్రి వరండాలో ఉన్నాను, లోపల నాయన, ఇటు చూస్తే ఈ ఫోటో, నాకు చేతులు ఆడలేదు. ఫోన్ చేసేసరికే "అక్కా, నువ్వు టెన్షన్ పడొద్దు, రెండు పక్కలా షీటు పైకి చుట్టేసినా, తలుపు తీసిపెట్టినా, మా అవ్వని పిలుచుకొస్తాండా" అనింది. ఎవరూ చెప్పకుండానే మొదట చేయాల్సిన పని చేసేసింది. లోపల ఇరుక్కున్న వేడి బయటికి పోకపోతే ఇంకో అరగంటలో ఏ మొక్కా మిగిలేది కాదు. ఆ పాపకి నేనెంత రుణపడి ఉన్నానో మాటల్లో చెప్పలేను.

కానీ షీటు తీసేస్తే ఇంకో చిక్కు ఉంటుంది. వడగాలి నేరుగా లోపలికి కొడుతుంది. నెపెంథిస్ ఆకు కొసన తీగ, ఆ తీగ కొసన పురుగుల్ని పట్టే కుండ ఉంటుంది కదా, గాలిలో తేమ పడిపోతే మొదట ఎండిపోయేది ఆ కుండే. అక్కడ మమ్మల్ని ఆదుకున్నది అవ్వ. ఆమె పుట్టిల్లు కడప దగ్గర చెన్నూరు, వాళ్ళది ఆకుతోట. తమలపాకు తీగకి కూడా నీడ కావాలి, నేల చెమ్మగా ఉండాలి, ఎండగాలి తగిలితే ఆకు మాడిపోతుంది, అందుకే అక్కడ అవిసె చెట్ల నీడన తీగ పెంచుతారు. ఆమె పైకొచ్చి ఒకసారి చుట్టూ చూసి "మొక్కకి ఎండ కంటే ఎండగాలి చెడ్డది. ముందు పడమర కట్టండి, ఈశాన్యం వదిలేయండి" అనిందంట. నెపెంథిస్ పేరు ఆమెకి తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు, ఆ మొక్కకి ఏం కావాలో మా అందరికంటే ముందు ఆమెకి అర్థమైపోయింది.

వీధిలో నాలుగిళ్ళ నుంచి గోనె సంచులొచ్చాయి. కిరాణా అంగడి మామ బియ్యం సంచులు కాకుండా జనపనార గోతాలే వెతికి ఇచ్చాడు, ప్లాస్టిక్ సంచి నీళ్ళు పట్టదు కదా. వాటిని కోసి పడమటి పక్క పైనుంచి కింద దాకా వేలాడదీసి, సాయంత్రం దాకా బకెట్లతో తడుపుతూనే ఉన్నారు. తడిపింది బోరు నీళ్ళతో. "ఆ నీళ్ళు కుండీల్లో పడితే మొక్క చచ్చిపోతుందంట, జాగ్రత్త" అని పాప ప్రతి ఒక్కరికీ చెప్తా, గోతాల కింద తొట్టి పెట్టి కారే నీళ్ళు పట్టిందంట. ఈ ఒక్క జాగ్రత్త లేకపోయుంటే అంత కష్టమూ వృథా అయ్యేది. మిద్దె మీద ఆ ఎండలో బకెట్లు మోసిన పిల్లోళ్ళందరికీ, పేరు తెలిసిన వాళ్ళకీ తెలియని వాళ్ళకీ, నా నమస్కారాలు.

మధ్యాహ్నం రెండు గంటలకి ఐసు వచ్చింది. ఐసు ఫ్యాక్టరీ అన్న నాకు ముఖపరిచయం మాత్రమే. పాప వాళ్ళ నాయన పోయి సంగతి చెప్తే, అడిగిన దానికంటే ఒక గడ్డ ఎక్కువే ఆటోలో వేయించి పంపాడు, సాయంత్రం రెండోసారి పంపిన దానికి డబ్బులు తీసుకోలేదు. ఐసు కూడా బోరు నీళ్ళదే కాబట్టి స్టీలు గంగాళాల్లో వేసి బల్లల కింద, గాలి వచ్చే వైపు పెట్టారు, కుండీలకి ఎక్కడా తగలకుండా. వేడెక్కిన వేరుకి ఒక్కసారిగా ఐసు చల్లదనం తగిలితే అదొక దెబ్బ. తగలకుండా పక్కనుంచి వచ్చే చల్లగాలి మాత్రం మందు. మూడున్నరకి వచ్చిన ఫోటోలో 36 ఉంది. ఆ నంబరు చూసి నేను ఆసుపత్రిలో అందరి ముందరా ఏడ్చేశాను.

ఫోన్‌లో మాకు తోడున్నది కర్నూలులో ఉండే బోటనీ సార్, రిటైరయ్యారు. ఆయన చెప్పినవి అందరికీ పనికొస్తాయని రాస్తున్నాను. వాడిన ఆకుల మీద చన్నీళ్ళు చల్లొద్దు, నీడ ముందు, తేమ తర్వాత, నీళ్ళు చివర. కుండ ఎండిపోయినా ఆకు పచ్చగా ఉంటే కత్తిరించొద్దు, ఆ ఆకు ఇంకా మొక్కకి తిండి తయారుచేస్తూనే ఉంటుంది. నెల రోజుల దాకా పురుగులు వేయొద్దు, బలం కోసమని ఏ మందూ పోయొద్దు. లోపలి ద్రవం ఒలికిపోయిన కుండల్లో పావు వంతు దాకా ఆర్‌వో నీళ్ళు పోయండి, ఎక్కువ వద్దు. ఈ చివరి పని పాప చేసింది. సూది తీసేసిన సిరంజితో, మొబైల్ లైటు వేసుకుని ఒక్కో కుండ మూత పక్కకి వంచి లోపల చూసి, రవ్వంత రవ్వంత పోసిందంట. నాకు వీడియో పంపింది. మూతలు కొన్ని అంచుల దగ్గర కాగితంలా ముడుచుకుపోయున్నాయి, లోపల మాత్రం ఇంకా నిగనిగలాడుతూ తడిగా ఉంది, అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

చీకటి పడ్డాక టెంటు హౌస్ అన్న తన చిన్న జనరేటర్ ఆటోలో వేసుకొచ్చి తనే బిగించి ఇచ్చాడు. పెళ్ళిళ్ళ సీజన్, ఆ రాత్రి కూడా ఆయనకి పందిరి పని ఉంది, అయినా "ఇది నాకు రేపు సాయంత్రం దాకా అక్కర్లేదులే" అని వదిలిపెట్టి పోయాడు. నెపెంథిస్‌కి రాత్రి చల్లదనం చానా ముఖ్యం, పగటి ఎండ దెబ్బ నుంచి కోలుకునేది రాత్రిపూటే. ఆ రాత్రంతా ఫ్యాన్ తిరిగింది కాబట్టే తెల్లారేసరికి ఆకులు లేచాయి. అన్నా, పెట్రోలు డబ్బులైనా తీసుకోమని ఇప్పటికి ఎన్నిసార్లు అడిగానో, ఇక్కడ అందరి ముందర ఇంకోసారి అడుగుతున్నా.

మరుసటి రోజు ఎండలో స్తంభం ఎక్కి లైను కలిపిన లైన్‌మెన్ అన్నలిద్దరికి కూడా. మొక్కల సంగతి వాళ్ళకి తెలియకపోవచ్చు, కానీ వాళ్ళ పని అయ్యాకే ప్యాడ్ మీద మళ్ళీ నీళ్ళు కారాయి.

ఇంకొకరికి చెప్పాలి, ఇది ఎండాకాలం సంగతి కాదు. వీనస్ ఫ్లైట్రాప్ సొంత ఊరు అమెరికాలో కరోలినా రాష్ట్రాల తీర ప్రాంతం. అక్కడ చలికాలంలో మొక్క మూడు నాలుగు నెలలు నిద్రపోతుంది, ఆ నిద్ర లేకపోతే రెండు మూడేళ్ళలో నీరసించి చచ్చిపోతుంది. మన డిసెంబరు రాత్రులు మనకి చలే గానీ దానికి చాలదు, పగలు మళ్ళీ ముప్ఫైకి పోతుంది. బేకరీ అక్క పోయిన చలికాలమంతా తన ఫ్రిజ్ అడుగు అరలో ఒక మూల నా మొక్కలకి ఇచ్చింది. తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచులో వేర్లు చుట్టి, జిప్ కవర్లలో పెట్టి, 5 డిగ్రీల దగ్గర. వారానికొకసారి తనే తీసి బూజు పట్టిందేమో చూసేది. మే నెల దెబ్బకి మా పాలీహౌస్‌లో అన్నిటికంటే తక్కువ నష్టపోయింది ఆ ఫ్లైట్రాపులే. అక్కా, ఆ బలం నీ ఫ్రిజ్ ఇచ్చిందే అని నా నమ్మకం.

నష్టం అసలు లేదని అనను. చిన్న డ్రాసిరా మొలకలు ఒక ట్రే మొత్తం పోయాయి, సారసీనియాల పొడుగు గొట్టాలు పైసగం గోధుమరంగుకి తిరిగాయి, ఖాసియానాకి పెద్ద కుండలన్నీ ఎండిపోయాయి. కానీ చిగురు చావలేదు. జూన్ ఆఖరులో కొత్త ఆకు కొసన తీగ చివర గోరంత ఉబ్బు కనిపించింది. రోజూ కొంచెం కొంచెం ఉబ్బుతూ, సన్నటి నూగుతో, మూత గట్టిగా అతుక్కునే ఉంది. ఒకరోజు పొద్దున్నే మూత ఒక పక్క నుంచి విడిపోయి ఉంది, లోపల అప్పటికే స్పూనెడు ద్రవం ఉంది. ఇంకా పురుగు వాసన సోకనిది, బయటి నీరు ఒక్క చుక్క పడనిది. తర్వాత నాలుగైదు రోజులకి అంచు బయటికి చుట్టుకుని గట్టిపడి ఎర్రబడింది. అవ్వని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి చూపించాను. చానాసేపు చూసి "ఇంగ బతికిందిలే" అనింది.

ఇప్పుడు ఫ్యాన్‌కి, పంపుకి విడిగా బ్యాటరీ పెట్టించాను. మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు లోపల 38 దాటితే నాకూ పాపకీ ఇద్దరికీ మెసేజ్ వచ్చేలా చేసిచ్చాడు. కూలీ తీసుకున్నాడు, అది నాకు సంతోషమే, మిగతా వాళ్ళు కూడా అట్లాగే తీసుకునుంటే బాగుండేది. కుండీలన్నీ పెద్ద మట్టి కుండల్లో పెట్టి మధ్యలో తడి ఇసుక పోశాను, మట్టి కుండ చెమ్మ ఆరేకొద్దీ లోపలి ప్లాస్టిక్ కుండీ చల్లగా ఉంటుంది, వేరుకి ఎండ తెలియదు. ఇది కూడా అవ్వ చెప్పిందే.

గోనె సంచులు, గంగాళాలు అన్నీ కడిగి ఆరబెట్టి మా వరండాలో పెట్టాను, ఎవరివి వాళ్ళు గుర్తుపట్టి తీసుకోండి, ఎర్ర అంచు గంగాళం ఎవరిదో నాకు తెలియలేదు. ఖాసియానా కొమ్మలు మూడు కత్తిరించి నాచులో పెట్టాను, వేరు పట్టగానే ఒకటి పాపకి, ఒకటి కర్నూలు సార్‌కి, ఒకటి ఐసు ఫ్యాక్టరీ అన్న వాళ్ళ కూతురు అడిగింది కాబట్టి ఆ పిల్లకి. మిగతా వాళ్ళలో ఎవరికైనా డ్రాసిరా గింజలు కావాలంటే సాయంత్రం ఆరు తర్వాత వచ్చి తీసుకోండి. నీళ్ళు ఎట్లా పోయాలో దగ్గరుండి చూపిస్తాను.