కోడ్ చెరిపేస్తే రిపేరు అయిపోయినట్టేనా?

సంపాదకులకు,

టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ ఫాల్ట్ సెక్షన్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. నా కారు గొడవ పేపరుకెందుకు అని మా ఇంట్లో అన్నారు. ఇది నా ఒక్కడి గొడవ కాదనిపించి రాస్తున్నాను.

నాది ఏడేళ్ల పెట్రోలు కారు, నాలుగు సిలిండర్లది. వానలు మొదలయ్యాక పొద్దున్నే స్టార్ట్ చేస్తే గజగజ వణికేది. కాస్త వేడెక్కితే సర్దుకునేది. కానీ మూడో గేరులో ఎత్తు ఎక్కుతుంటే మళ్లీ కుదుపులు, ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమనడం. ఆ లైటు నిలకడగా వెలిగితే కొంత వ్యవధి ఉన్నట్టు. మిణుకుతుంటే మాత్రం సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకుండానే బయటికి పోతోందని, అది సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేయవచ్చని అర్థం. టెన్షన్ పడి నేరుగా డీలర్ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాను.

ఎప్పుడు వణుకుతోంది, ఏ గేరులో కుదుపుతోంది, అన్నీ విడమరిచి చెప్పాను. అడ్వైజర్ తలూపుతూ విని, జాబ్‌కార్డు మీద రాసింది రెండే మాటలు: "జనరల్ చెకప్". లోపల పనిచేసే మెకానిక్ నన్ను చూడలేదు, నా మాట వినలేదు. అతని చేతికి వెళ్లింది ఆ రెండు మాటలే. ఇక అతన్ని ఏమని తప్పుపట్టను?

మూడు రోజుల తర్వాత థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అంటూ బిల్లు ఇచ్చారు. "స్కాన్ చేశాం సార్, ఏ కోడూ లేదు. బంకు మార్చి చూడండి" అన్నాడు అడ్వైజర్.

కోడ్ లేకుండా ఆ లైటు ఎలా వెలుగుతుందండీ? లైటు వెలిగిందంటే ఇంజిన్ కంప్యూటర్‌లో కోడ్, అంటే ఫలానా తప్పు అని చెప్పే నంబరు, పడినట్టే. ఆ క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, ఎంత లోడు మోస్తోంది అన్నది కూడా దాని పక్కనే నమోదవుతుంది. ఆ సాయంత్రం మా మేనల్లుడి దగ్గరున్న చిన్న స్కానర్‌ను స్టీరింగ్ కింది 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి చూశాం. కోడ్‌లు సున్నా. కానీ కారు తనంతట తాను చేసుకునే పరీక్షల్లో చాలావాటి ఎదురుగా "పూర్తి కాలేదు" అని ఉంది. అంటే మెమరీ ఈమధ్యే తుడిచారు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల కూడా అలా కావచ్చు, కాదనను. తుడిచేముందు అందులో ఏముందో ఒక ముక్క రాయొచ్చు కదా!

రెండో రోజుకే లైటు మళ్లీ వచ్చింది. ఈసారి మేమే చదివాం: పి0303. మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోలు సరిగా మండడం లేదని. అది తీసుకుని మళ్లీ వెళ్తే, "నాలుగు కాయిళ్లు, నాలుగు ఇంజెక్టర్లు మార్చి చూద్దాం సార్" అన్నారు. ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చేది కాయిల్, పెట్రోలు చిమ్మేది ఇంజెక్టరు. ఈ "మార్చి చూద్దాం" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఫోన్ డెడ్ అని కంప్లయింట్ వస్తే మేము ఊరంతా కేబుల్ మార్చలేదు. ఎక్స్ఛేంజ్‌లో లైను విడదీసి, తప్పు లోపలి వైపు ఉందా బయటి వైపు ఉందా అని ముందు తేల్చుకునేవాళ్లం.

కారుకూ అదే చేశాను. ఇంజిన్ చల్లారాక మూడో సిలిండర్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటో దాన్ని మూడో దానికి పెట్టాను. ఒక్కో బోల్టు, ఒక్కో కనెక్టరు, అంతే పని. ఒక కనెక్టర్ క్లిప్పు విరగ్గొట్టాను, అది నా తొందరపాటే. కోడ్ చెరిపి, అదే ఎత్తు ఎక్కించాను. పి0301 వచ్చింది. కాయిల్‌తో పాటే తప్పు కూడా ఒకటో సిలిండర్‌కు వెళ్లింది. వెళ్లకుండా మూడులోనే ఉండిపోతే ప్లగ్గు, ఇంజెక్టరు, చివరికి కంప్రెషన్ చూడాల్సి వచ్చేది.

కాయిల్ కింది రబ్బరు గొట్టాన్ని ఎండలో పట్టుకుని తిప్పి చూస్తే, వెంట్రుకంత సన్నటి పగులు. దాని వెంబడి పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి కాలిన గీత. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అప్పుడు కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఈ పగులులోంచి పక్కనున్న ఇంజిన్ లోహంలోకి దూకేస్తోంది. తేమకు అది ఇంకా సులువు. ఆ ఒక్క కాయిల్, ప్లగ్గులు మార్పించాను. మూడు నెలలైంది, లైటు మళ్లీ రాలేదు.

కంపెనీలను అడిగేది పెద్ద కోరికేం కాదు. చెరిపేముందు కోడ్‌ను జాబ్‌కార్డు మీద రాయండి. కస్టమర్ చెప్పిన మాట చెప్పినట్టు రాయండి. కుదుపు ఎప్పుడొస్తుందో తెలిసినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి నడపండి.

మొన్న ఫీడ్‌బ్యాక్ కోసమని ఫోన్ వచ్చింది. 10కి 10 ఇమ్మని ఆ అమ్మాయి బతిమాలింది. పాపం, ఆమె తప్పేముంది? మొదటి రోజు నా కారులో ఏ కోడ్ ఉందో కనుక్కుని చెప్పమ్మా, ఇస్తాను అన్నాను. కనుక్కుని చేస్తానంది. ఇంతవరకూ చేయలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టెలిఫోన్ ఉద్యోగి