సాంబారు అంటిన కాగితం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారం మధ్యాహ్న భోజనం అయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలు బడి చెత్తడబ్బా ఒకటి వరండాలో పట్టా పరిచి గుమ్మరించారు. గుడ్డు పెంకులు, సాంబారన్నం, చిక్కీ కవర్లు, రీఫిల్సు, నోటుపుస్తకాల కాగితాలు. పాత పేపర్లు కొనే ఆయన్ని ముందే పిలిచి ఉంచాం. ఆయన ఒక్కో కాగితం వేళ్లతో నలిపి చూసి, సాంబారు అంటినవన్నీ పక్కకు నెట్టేశారు. తూకానికి మిగిలింది గుప్పెడు. "పొడిగా ఉంటే అన్నీ తీసుకునేవాణ్ణి మేడం" అన్నారు.

ఏది రీసైక్లింగ్‌కు వెళ్లాలో, ఏది డంపింగ్ యార్డుకు వెళ్లాలో చెత్త బండి రాకముందే మన వంటింట్లోనే తేలిపోతోందని నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

ఊరి బయట ఊరికే కుప్పపోస్తే అది ల్యాండ్‌ఫిల్, అంటే చెత్తను పద్ధతిగా పూడ్చే చోటు కాదు. అసలైనదానికి అడుగున నీరు దిగని పొర, మురికి ఊట పట్టే పైపులు, వాయువు తీసే గొట్టాలు ఉండాలి. అవి లేనిచోట వాన పడితే ఆ ఊట నేలలోకి దిగి బోరు నీళ్లలో కలుస్తుంది. కుప్ప కింద గాలి తగలకుండా కుళ్లిన అన్నం, తొక్కల నుంచి మీథేన్ అనే వాయువు పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. ఇక దేనికీ పనికిరానిదే ల్యాండ్‌ఫిల్‌కు వెళ్లాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి.

రీసైక్లింగ్‌తో అన్నీ తీరిపోతాయని కూడా నేను చెప్పను. అల్యూమినియం కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి తీయడానికి అయ్యే శక్తిలో దాదాపు 95 శాతం మిగులుతుంది. గాజు ఎన్నిసార్లయినా కరుగుతుంది. కాగితం నార మాత్రం ఐదారు సార్లకే పొట్టిబడిపోతుంది. చిప్స్ ప్యాకెట్లో పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి దాన్ని ఎవరూ కొనరు. అందుకే అవి పిల్లల బ్యాగుల్లో పెట్టొద్దని అడుగుతున్నాను.

ఇంకో మాట. ఒంగోలు గిత్తను చూసి మనమంతా గర్వపడతాం. ఇదే జిల్లాలో రోడ్డు మీద ఆవులు, మనం ముడివేసి పారేసిన కవరును లోపలి అన్నం కోసం అలాగే మింగేస్తున్నాయి. దయచేసి అన్నం కవర్లో కట్టి పడెయ్యకండి.

సోమవారం నుంచి పాత నోటుపుస్తకాలు, అట్టపెట్టెలు పొడిగా పంపండి. వాటిని అమ్మితే వచ్చిన డబ్బు లెక్క నోటీసుబోర్డులో పెడతాం. తడి చెత్తకు పెరట్లో గుంట తవ్వాం. మొదట వాసన వచ్చింది, ఎండుటాకులు కప్పాక తగ్గింది. వేపచెట్టు ఉన్నవాళ్లు ఓ సంచెడు ఆకులు పంపగలరా?

మీ
ప్రధానోపాధ్యాయురాలు