నక్షత్రాలు సరే, కీలు చూశారా?

సంపాదకులకు,

ఆ మధ్య మీ ఆదివారం అనుబంధంలో రోజూ జేబులో ఉంచుకోవడానికి పనికొచ్చే మడత చాకుల మీద అరపేజీ వేశారు. ఐదు ఫొటోలు, పక్కన గడులు, గడుల్లో నక్షత్రాలు. అన్నింటికన్నా ఎక్కువ నక్షత్రాలు కొట్టేసింది మీట నొక్కితే టక్కున తెరుచుకునే నల్ల చాకు. పిడిలో లైటు, విజిలు, కారు అద్దం పగలగొట్టే మొన కూడా ఉన్నాయట. దానితో యూరియా బస్తా కుట్టు విప్పి చూశారా, నాలుగు మామిడికాయలు కోసి చూశారా? ఆ ముక్క ఎక్కడా లేదు.

మడత చాకు చేతికి వస్తే ముందు చూడాల్సింది కీలు. పూర్తిగా తెరిచి, అలుగు (కోసే భాగం) కొసను రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకు కదపాలి. కాస్త ఊగితే కీలు మరను పావు చుట్టు బిగిస్తే సరిపోతుంది. మర లేకుండా రివెట్టు కొట్టేసి ఉంటే ఆ ఊగు ఇక మనం తీర్చగలిగేది కాదు. సంతలో దొరికే చవక సరుకు చాలావరకు ఇలాంటిదే. పైకీ కిందికీ ఊగితే మాత్రం మర బిగించినా ఫలితం లేదు, లాకు సరిగా కూర్చోలేదన్నమాట. తరవాత మడిచి చూడాలి. అలుగు పిడి లోపలి రెండు రేకుల నడుమ ఉండాలి. ఒక పక్కకు ఒరిగి రేకును తాకుతుంటే, మడిచిన ప్రతిసారీ వాదర (పదును అంచు) ఇనుము మీద గీసుకుని, ఏమీ కోయకుండానే మొద్దుబారుతుంది.

తెరిచిన అలుగు మడుచుకోకుండా పిడి లోపలి రేకే అడ్డం నిలిచే రేకు లాకు ఉన్న చాకులో ఆ రేకు అలుగు మొదలును మూడో వంతు నుంచి సగం దాకా కప్పాలి. అంచు మాత్రమే తగులుతుంటే గట్టిగా నొక్కినప్పుడు జారి, అలుగు వేళ్ళ మీదికి మడుచుకుంటుంది. కొత్తదానిలోనే రేకు అవతలి గోడదాకా పోయి ఉంటే, అరిగాక జరగడానికి చోటుండదు. కొందరు లాకును పరీక్షిస్తామని అలుగు వీపును బల్లకేసి బాదుతారు. అలా బాదితే మంచి లాకూ చెడుతుంది. వేళ్ళు మడత దారికి అడ్డం లేకుండా పట్టుకుని, వీపును ఒక కర్రముక్కకు ఆనించి మెల్లగా బరువు వేస్తే చాలు.

"4 మిల్లీమీటర్ల మందం, ఉక్కులాంటి బలం" అని ఒకదాన్ని మెచ్చుకున్నారు. ఉక్కు ఉక్కులా ఉండక ఇంకెలా ఉంటుంది? జేబు చాకుకు వీపు దగ్గర రెండు, రెండున్నర మిల్లీమీటర్లు చాలు. వాదరకు కాస్త పైన అర మిల్లీమీటరు దాటకూడదు. అంతకన్నా మందమైతే జామకాయను కోయదు, చీలుస్తుంది. కొబ్బరికాయ కొట్టడానికి ఇంట్లో కత్తి ఉండగా జేబులో చాకుకు ఆ పని ఎందుకు? అలుగు పొడవు ఆరున్నర నుంచి ఏడున్నర సెంటీమీటర్లు ఉంటే రోజువారీ పనులన్నీ అయిపోతాయి.

ఇక ఉక్కు. "సర్జికల్ స్టీల్" అన్న మాటకు కొలత ఏమీ లేదు. ఉక్కు రకం 440 అని మాత్రమే చెక్కి, పక్కన ఏ, బీ, సీ లలో ఏదో చెప్పకపోతే తక్కువ రకమే అనుకోవాలి. ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో స్విస్ చాకుల ఉక్కు సుమారు 56. త్వరగా మొద్దుబారుతుంది, అంత త్వరగానే సాన ఎక్కుతుంది. 60 దగ్గరుండే డీ2 రకం ఉక్కు పదును చాలాకాలం నిలుపుతుంది కానీ మామూలు సానరాయికి ఓ పట్టాన లొంగదు, పచ్చిమామిడి పులుపు తుడవకుండా వదిలేస్తే మచ్చ పడుతుంది. మామూలు మనిషికి స్విస్ చాకుల ఉక్కే మేలని నా అభిప్రాయం.

సాన చక్రం సంగతి మీరు ఎత్తనే లేదు. పొడి చక్రం మీద పెట్టి నిప్పురవ్వలు లేపితే వాదర నీలిరంగుకు తిరుగుతుంది. అంటే వేడి హద్దు దాటినట్టు. పదును నిలిచే గట్టిదనం అక్కడితో సరి. రెండు ముఖాల సానరాయి, కాసిని నీళ్ళు, ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలు, చివర పాత తోలు బెల్టు మీద నాలుగు రుద్దులు: ఇంతే. పనసజిగురు కీలులో పడితే ముందు నూనెతో వదిలించి, తరవాత సబ్బునీళ్ళతో కడిగి, తెరిచి ఆరబెట్టాలి. కీలుకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మా ఒడిశాలోని కొరాపుట్ చలిలో చాకు తెరుచుకోదు.

ఇదంతా కొనేవాడే చూసుకోవాలా, అధికారులు ఎందుకున్నారు? 2011 ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ప్యాకెట్టు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ఉండాలి. గునుపురం నుంచి పర్లాకిమిడి దాకా సంతల్లో వేలాడే ప్లాస్టిక్ సంచుల మీద ఒడియాలో లేదు, తెలుగులో లేదు, ఇంగ్లీషులోనూ లేదు. చేపలమ్మే ఆవిడ తక్కెడ మాత్రం తప్పకుండా తనిఖీ అవుతుంది. జాతర రోజుల్లో పళ్ళు కోసుకునే చాకు జేబులో ఉన్న కుర్రాణ్ణి నిలబెట్టి అడుగుతారు, అది అమ్మిన కొట్టు జోలికి ఎవరూ పోరు. 2016 ఆయుధ నిబంధనల పట్టికలో కత్తులకు ఇచ్చిన కొలత 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటినవి. ఇంటికీ సాగుకీ చేసినవి ఆ లెక్కలోకి రావు. అయితే మీట నొక్కే రకం వేరు. ఢిల్లీలో వాటిపై 1980లోనే ప్రత్యేక నోటిఫికేషన్ ఉంది. మీరు కిరీటం పెట్టింది సరిగ్గా ఆ రకానికే. రైల్లోనో బస్సులోనో పట్టుబడితే మీ నక్షత్రాలు చూపించమంటారా? విమానంలో అయితే ఏ చాకైనా చేతిసంచిలో పెట్టకూడదు, లోపలికి ఇచ్చే సామానులోనే పెట్టాలి. అదీ రాయలేదు.

"జింక కొమ్ము పిడి రాజసం" అని మరో వాక్యం. మన అడవి జింక కొమ్ముతో వ్యాపారం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. కొమ్ము పిడి కావాలంటే పశువుల కొమ్ముతో చేసే పర్లాకిమిడి కొమ్ము పని ఉండనే ఉంది. ఇక్కడి పనివాళ్ళు చేసే కొంగలూ రొయ్యలూ బొమ్మల దుకాణాల్లో చూస్తూనే ఉంటారు, పిడి రేకులు అడిగేవాళ్ళే లేరు. ఆ కొమ్ముకూ లోపాలున్నాయి. నీళ్ళలో నానితే ఉబ్బుతుంది, ఎండకు వంకరపోయి మేకుల దగ్గర లేస్తుంది, పెట్టెలో మరిచిపోతే పురుగు తింటుంది. నానబెట్టకుండా, అప్పుడప్పుడు నూనెగుడ్డతో తుడిస్తే మీ ప్లాస్టిక్ "ప్రీమియం" పిడికన్నా ఎక్కువకాలం వస్తుంది. సరిహద్దు పేజీ అంటూ ఒకటి నడుపుతూ ఈ ఊరి పనివాళ్ళ మీద ఒక్క వాక్యమూ వేయకపోవడం మీకే చెల్లింది.

మీట చాకు గురించి సవరణ వేయండి, అదే అరపేజీ సైజులో. మరొకటి. ఫొటోలు చూస్తే ఆ ఐదింటిలో రెండు వెన్ను స్ప్రింగు చాకులు, వాటిలో అలుగును స్ప్రింగు బిగువే నిలుపుతుంది, అసలు లాకే ఉండదు. "లాకు బిగువు" గడిలో రెండింటికీ నాలుగేసి నక్షత్రాలున్నాయి. అవి దేనికి వేశారో కూడా చెప్పండి.

– ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా