అటక మీది సైన్యం కిందికి దిగింది

అందరికీ నమస్కారం. ఆదివారం అటక సర్దుతుంటే రెండేళ్ల కిందట వదిలేసిన డబ్బా దొరికింది. రంగులేసుకునే 28 మిల్లీమీటర్ల ఫ్రెంచ్ సిపాయి బొమ్మలు, 1815 వాటర్లూ యుద్ధం వాళ్లు, 24 మంది. అందరికీ నీలం కోట్లున్నాయి, ఒక్కడికీ మొహం లేదు! తెలుపు సీసా మూత తీస్తే లోపల సున్నపు గడ్డ.

ఎనిమిది మంది ఒంటి మీద ప్రైమర్ (రంగుకు ముందు కొట్టే అడుగు పూత) ఇసక చల్లినట్టు గరుకుగా ఉంది. వానాకాలంలో బాల్కనీలో స్ప్రే కొట్టిన పుణ్యం. బెజవాడ తేమ సంగతి తెలిసీ కొట్టాను. ఇకమీదట బ్రష్‌తోనే.

24 మందినీ ఒకేసారి ముందేసుకోవడం ఇంకో తప్పు. ఇప్పుడు ఐదుగురేసి చేస్తున్నా. ముందు మొహం, తర్వాత తెల్ల బెల్టులు, చివర్న గోధుమరంగు వాష్, అంటే మడతల్లోకి జారి నీడలా కనిపించే పల్చటి రంగు. నిన్న రాత్రి ఒకడికి ముక్కు మీద, బుగ్గల మీద కాస్త లేత రంగు పెట్టగానే మనిషిలా కనిపించాడు. కళ్లు మాత్రం వేయను. నేను వేస్తే ప్రతివాడూ దయ్యాన్ని చూసినట్టుంటాడు.

శనివారం సాయంత్రం పటమటలో మా ఇంటికి రండి. సగంలో ఆపినవే తెచ్చుకోండి, కొత్త బాక్సులు చూపించి ఊరించొద్దు. ఫ్యాన్ కింద రంగు ఇట్టే ఎండిపోతుంది కాబట్టి మూత ఉన్న డబ్బా, స్పాంజి తెండి. స్పాంజి తడిపి డబ్బాలో పెట్టి, పైన బటర్ పేపర్ పరిచి, దాని మీద రంగు పెట్టుకుంటే చాలు. టీ నాది, పునుగులు మీవి.