సహజం పేరుతో బీపీ మాత్రలు మాన్పించకండి

సంపాదకులకు,

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో పై సగం రక్తపోటు గురించిన వ్యాసం, కింది సగం ఒక చూర్ణం ప్రకటన వచ్చాయి. మాత్రలు మానేసి ఆ చూర్ణం నలభై రోజులు వాడితే హైబీపీ శాశ్వతంగా పోతుందని ప్రకటన సారాంశం. రెండూ ఒకే రకం అక్షరాల్లో, ఒకే రంగు గీతల మధ్య ఉన్నాయి. ఏది మీ మాటో, ఏది వ్యాపారి మాటో తెలుసుకోవడానికి నాకే రెండుసార్లు చదవాల్సి వచ్చింది. మా అక్కయ్యకు ఆ తేడా తెలియలేదు. అందుకే ఈ లేఖ.

రెండేళ్ల కిందట ఇలాంటి ప్రకటనే ఇంకెక్కడో చదివి ఆమె తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్న మాత్రలు ఆపేసింది. మాకెవరికీ చెప్పలేదు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, కాబట్టి బాగైపోయిందనుకుంది. రక్తపోటు తీరే అంత. అది నొప్పి పెట్టదు, హెచ్చరించదు. అది ఉన్నవారిలో దాదాపు సగం మందికి తమకు ఉందనే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నాలుగో నెలలో ఒక ఉదయం పళ్లు తోముకుంటుండగా అక్కయ్య కుడిచేతిలోంచి బ్రష్షు జారిపోయింది, నోరు ఒక పక్కకు లాగింది. ఆస్పత్రిలో చూస్తే పై అంకె 210. ఇప్పుడు నడుస్తోంది, మాట్లాడుతోంది. కానీ మనవరాలి పేరు పలకడానికి ఒక్కోసారి అర నిమిషం వెతుక్కుంటుంది.

తరువాత, మాత్రలకు బదులు అక్కయ్య వాడిన చూర్ణం డబ్బా తీసి చదివాను. పదార్థాల్లో మూడోది అతిమధురం. ఆ వేరును ఎక్కువగా, రోజూ తీసుకుంటే శరీరం ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది, పొటాషియం బయటికి పోతుంది, రక్తపోటు పెరుగుతుంది. వైద్యులకు ఇది ఎప్పటినుంచో తెలిసిన సంగతి. అక్కయ్యకు పక్షవాతం అతిమధురం వల్లే వచ్చిందని నేను అనను. మాత్రలు ఆపడమే అందుకు చాలు. కానీ బీపీ తగ్గిస్తామని అమ్మే డబ్బాలో బీపీ పెంచే వేరును కలిపినవారికి ఆ జబ్బు గురించి ఏమి తెలిసినట్టు?

నేను సహజ పద్ధతులకు వ్యతిరేకిని కాను. నాకూ పన్నెండేళ్లుగా బీపీ ఉంది. రోజూ నలభై నిమిషాలు నడిచి, ఉప్పు తగ్గించి, ఎనిమిది నెలల్లో ఏడు కిలోల బరువు తగ్గాక నా రెండు మాత్రలు ఒకటయ్యాయి. ఆ ఒక మాత్రను నా అంతట నేను మానలేదు. ఇంట్లో రాసుకున్న అంకెల పుస్తకం చూసి డాక్టరే తగ్గించారు. ఆ ఎనిమిది నెలల శ్రమ విలువ నాకు తెలుసు కాబట్టే ఈ ప్రకటనలు చూస్తే ఒళ్లు మండుతుంది. నిజంగా పనిచేసే పద్ధతుల పరువును ఇవే తీస్తున్నాయి.

అవి ఎంత పనిచేస్తాయో లెక్కలు ఉన్నాయి. అమెరికాలో 459 మందికి ఎనిమిది వారాలపాటు కొలిచి భోజనం పెట్టి చేసిన డాష్ అనే ఆహార అధ్యయనం 1997లో వెలువడింది. పండ్లు, కూరగాయలు, వెన్న తక్కువున్న పాల పదార్థాలు ఎక్కువ, కొవ్వు తక్కువ. బరువు మారనివ్వలేదు, ఉప్పు మార్చలేదు. అయినా బీపీ ఉన్నవారిలో పై అంకె సగటున 11 పాయింట్లు తగ్గింది. దాదాపు ఒక మాత్ర చేసే పని అది. ఉప్పు కూడా తగ్గిస్తే ఇంకా మేలని 2001లో వచ్చిన రెండో అధ్యయనం చూపింది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21,000 మందితో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. అక్కడ మామూలు ఉప్పుకు బదులు, నాలుగో వంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తక్కువగా వచ్చింది. ఇక్కడొక జాగ్రత్త తప్పదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, పొటాషియంను పెంచే కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారికి ఆ ఉప్పు ప్రమాదకరం. డాక్టరును అడగకుండా వాడకూడదు. ఎంత సహజమైనదైనా ఎవరికి, ఎంత అనే ప్రశ్న ఉండనే ఉంటుంది.

రోజుకు ఐదు గ్రాములకన్నా తక్కువ ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే ప్రపంచ సగటు దానికి రెట్టింపుకన్నా ఎక్కువ. మీ పత్రికలో ఈ మాట పతాక శీర్షికగా ఎప్పుడైనా చూశానా అని గుర్తు చేసుకుంటే, లేదు. ఉప్పు తగ్గించమని చెప్పడానికి పేజీ కొనేవారెవరూ లేరు కదా.

బీపీకి సరైన మందులే లేని కాలం ఎలా ఉండేదో కూడా పాఠకులకు చెప్పండి. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 1944లో వైద్యులు గుండెకు డిజిటాలిస్ అనే మందు ఇచ్చి, ఉప్పు తగ్గించమన్నారు, బరువు తగ్గమన్నారు, సిగరెట్లు తగ్గించమన్నారు, విశ్రాంతి తీసుకోమన్నారు. బీపీని బాగా తగ్గించే మాత్ర వారి దగ్గర లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో ఆయన కుప్పకూలినప్పుడు నమోదైన బీపీ 300/190. ఈ రోజు ఏ చిన్న మందుల దుకాణంలోనైనా దొరికే మాత్రలు ఆయనకు దొరకలేదు. అలాంటి మాత్రలను మనచేత మాన్పిస్తున్నారు.

ప్రకృతికీ మందుకీ శత్రుత్వం లేదు. సర్పగంధ వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. 1952లో ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. అది పనిచేసింది. కొందరిని, ముఖ్యంగా మోతాదు ఎక్కువైనప్పుడు, తీవ్రమైన దిగులులోకి కూడా నెట్టింది. కొలిచి ఇచ్చారు కాబట్టే ఆ సంగతి బయటపడింది. కాప్టోప్రిల్ అనే బీపీ మాత్రకు దారి చూపింది బ్రెజిల్ పాము విషం. పనిచేసే మూలిక ఏదైనా మందే. మందు అయితే మోతాదు ఉండాలి, దుష్ఫలితాలు రాయాలి, ఇతర మందులతో పొసగుతుందో లేదో చెప్పాలి. చూర్ణం డబ్బా మీద ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

బీట్‌రూట్, వెల్లుల్లి కొన్ని పాయింట్లు తగ్గించవచ్చు. ఆహారంగా తినండి, మాత్రకు బదులుగా కాదు. రక్తం పలచబడటానికి మందులు వాడేవారు వెల్లుల్లి గుళికల జోలికి పోయేముందు డాక్టరును అడగాలి. ధ్యానం, ఆక్యుపంక్చర్ వంటివాటిని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో పరిశీలించింది. అన్నిటికన్నా గట్టి ఆధారం నడక వంటి వ్యాయామానికే ఉందని, నిదానంగా శ్వాస తీసే సాధనకు కొంత ఉందని, ఆక్యుపంక్చర్‌కు చాలినంత లేదని తేల్చింది.

తప్పంతా ప్రకటనలదే అంటే అన్యాయం. నాకు మొదట బీపీ తేల్చిన డాక్టరు మందుచీటీ రాసి రెండు నిమిషాల్లో పంపించేశారు. ఉప్పు మాట ఎత్తలేదు. మోకాళ్లకు నేను వేసుకుంటున్న నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయని చెప్పలేదు. గురక, నిద్ర గురించి అడగలేదు. డాక్టరు దగ్గర దొరకని మాటను మనిషి మరోచోట వెతుక్కుంటాడు. అక్కడ వ్యాపారి ఎంతో ఓపికగా, ఆప్యాయంగా మాట్లాడతాడు. అక్కయ్య ఫోను చేసినప్పుడు చూర్ణం అమ్మేవారు ఆమెతో ఇరవై నిమిషాలు మాట్లాడారట.

మిమ్మల్ని కోరేది ఇది. వాడుతున్న మాత్రలను మానేయమనే ప్రకటన ఏ ధరకైనా తీసుకోకండి. కొన్ని రకాల మాత్రలను ఒక్కసారిగా ఆపితే బీపీ మునుపటికన్నా పైకి ఎగబాకుతుంది. ఆ అపాయం తెలిసి కూడా అచ్చువేస్తే అందులో మీకూ భాగం ఉంటుంది. మీ వ్యాసాల్లో ఏ ఆహారం గురించి, ఏ ఆసనం గురించి రాసినా ఎన్ని పాయింట్లు తగ్గింది, ఎంతమందిలో, ఎన్నాళ్లకు, మాత్రలతోపాటా, మాత్రలు లేకుండానా అనేది రాయండి. ఆ నాలుగూ తెలియకపోతే ఆ వ్యాసం ఆపండి.

ఇంట్లో బీపీ ఎలా చూసుకోవాలో నెలకొకసారి చిన్న పెట్టెలో వేయండి. అరగంట ముందు నుంచి కాఫీ, పొగ వద్దు. మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి ఐదు నిమిషాలు కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చేతికి సరిపోయేది కావాలి, మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోవాలి. ఇంట్లో సగటున 135/85, అంతకు మించి వస్తుంటే డాక్టరుకు చూపించాలి. అక్కయ్య ఈ పద్ధతి నేర్చుకుని ఉంటే మొదటి నెలలోనే అంకె పెరగడం కనిపించేది.

ఆ డబ్బా మీది పదార్థాల పట్టిక నకలును ఈ లేఖకు జతచేస్తున్నాను. మీరు ఆదివారం వేసిన ప్రకటనలోని పట్టికతో పోల్చి చూడండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు